‘సెలవంట’ నుంచి ‘హౌ డు యూ నో’ దాకా: హైస్కూల్లో ఆలోచింపజేస్తూ ఇంగ్లిష్ మాట్లాడించే పద్ధతి

నెల్లూరు జిల్లాలో నవంబరు వచ్చిందంటే పిల్లల చెవులన్నీ ఒక్క మాట మీదే ఉంటాయి. ఈశాన్య రుతుపవనాల వానలు, బంగాళాఖాతంలో ఒక వాయుగుండం, ఇక ఆఖరి పీరియడ్‌కల్లా తొమ్మిదో తరగతిలో గుసగుస మొదలు: "సార్, రేపు సెలవంట!"

నేను జెడ్పీ హైస్కూల్లో ఇంగ్లిష్ స్కూల్ అసిస్టెంటుని. అలాంటి ఒక సాయంత్రం పుస్తకం మూసేసి బోర్డు మీద ‘హూ సెడ్ సో?’ అని రాశాను. "వాట్సాప్ సార్." వాట్సాప్‌లో ఎవరు? "మా మామ ఫోన్లో వచ్చింది సార్." మీ మామకు ఎవరు పంపారు? అక్కడిదాకా తెలుగులోనే నడిచింది. ఆ పైన ఇంగ్లిష్‌లో చెబితేనే వింటానన్నాను. జూన్ నుంచి ‘యెస్ సార్, నో సార్’ తప్ప ఇంకో మాట రాని వెనక బెంచీ పిల్లాడు లేచి, "సార్, కలెక్టర్ నాట్ టెల్. ఓన్లీ వాట్సాప్ టెల్. మేబీ హాలిడే, మేబీ నో హాలిడే" అన్నాడు.

గ్రామర్ చూస్తే ఎర్ర ఇంకు చాలదు. కానీ సెలవు ప్రకటించే అధికారం ఎవరిదో, తనకు అందిన వార్త ఎక్కడిదో, దాన్ని ఎంతవరకు నమ్మాలో, మూడూ ఆ ముక్కల్లో ఉన్నాయి. అన్నాళ్ళూ వాడి నోరు రాలేదంటే మాటలు రాక కాదు, వాడు తేల్చుకుని చెప్పాల్సిన సంగతేదీ నేను వాడి ముందు పెట్టలేదు. ఆ రోజు నుంచి కొన్నేళ్ళపాటు తప్పులు చేస్తూ కుదుర్చుకున్న పద్ధతి ఇది. ఎనిమిది, తొమ్మిది తరగతులకు బాగా పనికొస్తుంది. టెన్త్ సంగతి చివర్లో చెబుతాను.

ముందు ఆ పేరు గురించి

క్రిటికల్ థింకింగ్‌ను మనం విమర్శనాత్మక ఆలోచన అంటున్నాం. పిల్లల దగ్గర ఈ మాట వాడకండి. మన ఇళ్ళల్లో విమర్శ అంటే తప్పు పట్టడమే. ఒకసారి ‘ఈ పాఠాన్ని విమర్శనాత్మకంగా చూడండి’ అంటే, పాఠం బోరుగా ఉందని అందరూ తిట్టి కూర్చున్నారు. బీఎడ్‌లో మనం చదివిన బ్లూమ్ మెట్లు, అంటే ఆలోచనా నైపుణ్యాలను తేలిక నుంచి కష్టానికి అంచెలుగా పేర్చిన పట్టిక కూడా, 1956లో వచ్చి 2001లో సవరణ పొందినవి, లెసన్ ప్లాన్‌లో గళ్ళు నింపడానికి తప్ప క్లాసులో నాకు పెద్దగా సాయపడలేదు. నేను మూడు ప్రశ్నలతో సరిపెట్టుకుంటాను: ఎందుకు? నీకెట్లా తెలుసు? ఇంకో రకంగా ఉండొచ్చా? వీటికి జవాబు చెప్పగలిగితే చాలు.

మొదటి మెట్టు: చూశా, అంట, ఏమో

ఈ పద్ధతిలో నేను ఎక్కువ రోజులు గడిపేది ఇక్కడే. మన పిల్లలకు ఆలోచించడం కొత్తగా నేర్పాల్సిన పని లేదని నాకు నమ్మకం కలిగించింది కూడా ఇదే.

తెలుగులో ‘వచ్చాడు’ వేరు, ‘వచ్చాడంట’ వేరు, ‘వచ్చాడేమో’ వేరు. మొదటిది నేను చూసినది, రెండోది ఎవరో చెబితే విన్నది, మూడోది నా ఊహ. నాలుగేళ్ళ పిల్ల కూడా వీటిని తారుమారు చెయ్యదు. అంటే ఏది రుజువు, ఏది వినికిడి, ఏది అనుమానం అన్న తేడా వాళ్ళ నాలుక మీదే ఉంది. ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి అదంతా ఎగిరిపోతుంది. అన్నిటినీ ఒకే తీరుగా ‘హి కేమ్’ అని చెప్పేస్తారు. అక్కడ ‘అంట’ లాంటి తోక లేదు, ఆ పనికి వేరే మాటలు ముందు పెట్టాలి. ఆ సంగతి వాళ్ళకు ఎవరూ చెప్పి ఉండరు.

మొదటి రెండు వారాలూ దీనికే ఇవ్వండి. బోర్డును మూడు గళ్ళు చెయ్యండి. పైన తెలుగులో చూశా, అంట, ఏమో అని రాసి, కింద వరుసగా ‘ఐ సా’, ‘ఐ హర్డ్’, ‘మేబీ’ అని రాయండి. ఊరి సంగతులు పదేసి తెమ్మనండి. ఒక్కొక్కటి ఏ గడిలో పడుతుందో వాళ్ళే తేల్చి, ఆ ఇంగ్లిష్ మాటతో మొదలుపెట్టి చెప్పాలి. ‘ఐ సా టూ బఫెలోస్ ఇన్ ద కెనాల్.’ ‘ఐ హర్డ్ ద బస్ టైమ్ ఈజ్ చేంజ్డ్.’ ‘మేబీ అవర్ మ్యాథ్స్ సార్ ఈజ్ ఆన్ లీవ్.’ ఈ చివరిది మా దగ్గర వారానికోసారి వస్తుంది, అదీ ఎంతో ఆశగా.

నాలుగైదు రోజులయ్యాక రెండో గడిలోని వాక్యాలకు ఒక ప్రశ్న తగిలించండి: ‘ఫ్రమ్ హూమ్?’ ఎవరి దగ్గర విన్నావు? ఇంకో రెండు రోజులకు ‘డజ్ హి నో?’ అతనికి తెలిసే అవకాశం ఉందా? ఇవే రెండు ప్రశ్నలు పిల్లలు ఒకరినొకరు అడుక్కోవాలి, మీరు కాదు. మీరు అడిగితే పరీక్షలా ఉంటుంది, వాళ్ళు అడుక్కుంటే ఆటలా ఉంటుంది. మా క్లాసులో ఎవరైనా ‘అంట’ అంటే చాలు, నలుగురైదుగురు ఒక్కసారి ‘ఫ్రమ్ హూమ్?’ అని అరుస్తారు. స్టాఫ్ రూములో మా తెలుగు మేడమ్‌ను కూడా వదల్లేదు.

రెండో మెట్టు: బెంచీలు చీలే ప్రశ్న

‘వాట్ ఈజ్ ద నేమ్ ఆఫ్ యువర్ విలేజ్?’ అని అడిగితే ఒక్క మాట వస్తుంది, దాంతో సంభాషణ అయిపోతుంది. ‘మీ ఊరి బస్టాపులో ముందు ఏం కట్టాలి, షెడ్డా, మరుగుదొడ్డా?’ అంటే క్లాసు రెండు ముక్కలవుతుంది. ప్రశ్నను క్లాసులోకి తీసుకెళ్ళే ముందు నేను మూడు చూసుకుంటాను. ఇద్దరు తెలివైన పిల్లలు దీని మీద వేర్వేరుగా చెప్పగలరా? దాన్ని వాళ్ళు కళ్ళారా చూశారా? పది పన్నెండు ఇంగ్లిష్ మాటలతో జవాబు చెప్పొచ్చా? మూడోదాంట్లో మనం చాలాసార్లు బోల్తా పడతాం. గ్లోబల్ వార్మింగ్ మీద మాట్లాడమంటాం. పిల్లలు గైడులో ఉన్న వ్యాసం అప్పజెబుతారు.

మన వైపు ప్రశ్నలకు కరువు లేదు. ఒంగోలు గిత్తను పందేలకు పెంచాలా, సేద్యానికా? పొగాకు వేసే రైతు శనగకు మారాలా? ఉదయగిరి చెక్క గరిటెలు స్టీలు గరిటెలకన్నా మేలా? ఉలవపాడు మామిడిని రోడ్డు పక్కనే అమ్ముకోవడం లాభమా, మండీకి వెయ్యడమా?

అయితే ఒక జాగ్రత్త, ఇది నా తప్పు నుంచి నేర్చుకున్నదే. సముద్రం వైపు మండలంలో పనిచేస్తున్నప్పుడు ‘వరి పొలాలను రొయ్యల గుంటలుగా మార్చడం మంచిదా?’ అని అడిగాను. మాంచి ప్రశ్న అనుకున్నాను. పది నిమిషాల్లో క్లాసు యుద్ధమైంది. ఒకడి నాన్నది రొయ్యల గుంట. ఆ పక్క బెంచీ పిల్లవాడి పొలం దాని పక్కదే, ఉప్పు ఊరి వరి ఎండిపోయింది. రెండిళ్ళ మధ్య అప్పటికే మాటల్లేవట. నాకు తెలియదు, పిల్లలందరికీ తెలుసు. ఇద్దరూ తెలుగులోకి దిగి చొక్కాలు పట్టుకున్నారు.

అప్పటి నుంచి రెండు పనులు చేస్తున్నాను. ఏ పిల్లాడి ఇంటి గొడవైనా ఇందులో ఉందా అని ఆ ఊరి అటెండర్‌ను ముందే అడుగుతాను. ఇలాంటి సంగతుల్లో మన స్టాఫ్ రూముకన్నా ఆయనకే ఎక్కువ తెలుసు. రెండోది, వేడి పుట్టించే ప్రశ్నయితే పక్షాలను చీటీలు వేసి పంచుతాను. గుంట ఉన్నవాడికి పొలం పక్షం పడితే వాడు అవతలివాడి మాటలు తన నోటితో చెప్పాలి. కులం, పార్టీ, మతం, ఇంటి అప్పులు మాత్రం చీటీలతో కూడా ముట్టుకోను.

మూడో మెట్టు: ముందు తెలుగులో, తర్వాత పక్కవాడితో

ప్రశ్న వెయ్యగానే ఇంగ్లిష్‌లో జవాబు రాబట్టాలని చూడకండి. రెండు నిమిషాలు తెలుగులో ఆలోచించుకోనివ్వండి. ఇంగ్లిష్ క్లాసులో తెలుగు వినపడితే జరిమానా వేసే బళ్ళు ఉన్నాయి. నేను అలాంటి ప్రైవేటు బళ్ళో రెండేళ్ళు చేశాను. పిల్లలు ఇంగ్లిష్ నేర్చుకోలేదు, మౌనం నేర్చుకున్నారు.

తర్వాత చిన్న కాగితం మీద ఐదు ఇంగ్లిష్ మాటలు రాయమనండి. వాక్యాలు వద్దు. వాక్యం రాస్తే చూసి చదువుతారు, అది మాట్లాడడం కాదు. ఐదు మాటలుంటే వాటి మధ్య ఖాళీని నోటితో నింపుకోక తప్పదు.

ఇప్పుడు పక్కవాడికి చెప్పాలి. ఈ ‘ఆలోచించు, పక్కవాడితో పంచుకో, అందరికీ చెప్పు’ అనే వరుసను 1981లో మేరీలాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫ్రాంక్ లైమన్ ప్రతిపాదించాడు. దాని బలం లెక్కలో ఉంది. నలభై మంది ఉన్న క్లాసులో ఒక్కొక్కరినే నిలబెట్టి మాట్లాడిస్తే 45 నిమిషాల పీరియడ్‌లో మనిషికి ఒక నిమిషం దక్కుతుంది, మిగతా 44 నిమిషాలూ వాడు కిటికీలోంచి చూస్తుంటాడు. జంటలుగా ఆరు నిమిషాలు ఇస్తే ప్రతి ఒక్కరూ మూడు నిమిషాలు మాట్లాడతారు. పైగా పక్కవాడి ముందు తప్పు మాట్లాడితే సిగ్గు ఉండదు.

ఆ తర్వాత అందరి ముందు చెప్పేటప్పుడు తన మాట కాదు, పక్కవాడి మాట చెప్పాలన్నది నా నియమం: ‘మై ఫ్రెండ్ థింక్స్...’ దీంతో రెండు లాభాలు. వినకపోతే చెప్పలేడు. తప్పయినా ‘వాడన్నాడు సార్’ అని తప్పించుకోవచ్చు, కాబట్టి టెన్షన్ తగ్గుతుంది.

నాలుగో మెట్టు: వారానికి ఒక వాక్యం

ఆలోచనకు సాయపడే ఇంగ్లిష్ వాక్యాల చట్రాలు ఆరేడు ఉన్నాయి. అన్నీ ఒకేసారి చార్టు మీద అంటిస్తే గోడకు అలంకారమవుతాయి. వారానికి ఒకటి చాలు, ఈ వరుసలో:

‘ఐ థింక్... బికాజ్...’
‘హౌ డు యూ నో?’
‘ఐ అగ్రీ, బట్...’
‘ఐ డోంట్ థింక్ సో, బికాజ్...’
‘వాట్ ఇఫ్...?’
‘ఇట్ డిపెండ్స్ ఆన్...’
‘ఐ యూజ్డ్ టు థింక్..., నౌ ఐ థింక్...’

మొదటిదే కష్టం. తెలుగులో కారణం ముందు వస్తుంది: ‘వాన పడింది కాబట్టి రాలేదు.’ ఇంగ్లిష్‌లో సాధారణంగా పని ముందు, కారణం తర్వాత: ‘ఐ డిడ్ నాట్ కమ్ బికాజ్ ఇట్ రెయిన్డ్.’ పిల్లలు తెలుగు వరుసలోనే వెళ్ళి ‘రెయిన్ కేమ్ బికాజ్ ఐ డిడ్ నాట్ కమ్’ అంటారు. వాడు రాకపోవడం వల్ల వాన పడిందన్న మాట! దీన్ని తప్పుగా దిద్దకుండా, ఆ అర్థాన్నే బోర్డు మీద బొమ్మ వేసి చూపించండి. ఒక్కసారి నవ్వితే జన్మలో మర్చిపోరు. ఇంకొకటి ‘వై బికాజ్’. మన ‘ఎందుకంటే’ను రెండు ముక్కలు చేసి రెండూ ఇంగ్లిష్‌లోకి మార్చడం వల్ల వచ్చింది అది. ఆ సంగతి విడమరిచి చెబితే పెద్ద పిల్లలు తమంతట తామే మానుకుంటారు.

చివరి చట్రం నాకు అన్నిటికన్నా ఇష్టం. మన ఊళ్ళల్లో మాట మార్చడం అంటే నామర్దా. మాట మార్చుకున్నానని దర్జాగా చెప్పుకునే చోటు బడిలో ఒకటి ఉండాలి కదా.

ఐదో మెట్టు: మనం ఆగడం

1970లలో మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు సైన్స్ క్లాసులను రికార్డు చేసి చూసింది. టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక సెకను పాటే ఆగుతున్నారు. మూడు సెకన్లో, ఇంకొంచెం ఎక్కువో ఆగితే జవాబులు పొడవయ్యాయి, తెలియదనడమూ మౌనంగా ఉండడమూ తగ్గాయి. మాతృభాషలో మాట్లాడే పిల్లలకే అంత కావాలంటే, మనవాళ్ళకు ఇంకా ఎక్కువ. నేను మనసులో పది దాకా లెక్కపెడతాను. మొదటి నెల ఆ పది అంకెలూ నరకం. పిల్లలు మీ మొహం వంక చూస్తారు, మీరే చెప్పేస్తారని. చెప్పకండి.

పిల్లలు మనల్ని ఎదురు అడగడానికి భయపడతారు. సార్ చెప్పింది తప్పనడం మర్యాద కాదని ఇంట్లో నేర్పి పంపుతారు. అందుకని రోజుకొక తప్పు కావాలనే చెబుతాను, పట్టుకోవాలని ముందే షరతు పెట్టి. ‘పెన్నా ఈజ్ బోర్న్ ఇన్ నెల్లూర్’ అన్నాను ఒకరోజు. కాసేపటికి ఒకమ్మాయి, "ఐ డోంట్ థింక్ సో సార్. ఇట్ కమ్స్ ఫ్రమ్ కర్ణాటక, నంది హిల్స్. ఇన్ నెల్లూర్, ఇట్ మీట్స్ ద సీ" అంది. ‘హౌ డు యూ నో?’ అని అడిగితే సోషల్ పుస్తకం తీసి మ్యాపు చూపించింది.

ఒక పీరియడ్ ఎలా నడుస్తుందంటే

మార్కాపురం పలక ఒకటి, నోటుబుక్కు ఒకటి బల్ల మీద పెడతాను. ‘ఒకటో తరగతి పిల్లలకు ఏది మంచిది?’ ఇది ఎనిమిదో తరగతి క్లాసు.

మొదటి ఐదు నిమిషాలు రెండింటినీ చేతుల్లో తిప్పుతూ ‘ఐ సీ’తో మొదలయ్యే వాక్యాలు: బరువుందని, గీతలున్నాయని, అంచు పగిలిందని. తర్వాత రెండు నిమిషాలు తెలుగు ఆలోచన, రెండు నిమిషాలు ఐదు మాటల కాగితం, ఆరు నిమిషాలు జంటలు. ఇక గది గోడలను వాడుకుంటాం. పలక అన్నవాళ్ళు ఎడమ గోడకు, నోటుబుక్కు అన్నవాళ్ళు కుడి గోడకు, తేల్చుకోనివాళ్ళు మధ్యలో. పదిహేను నిమిషాలు ఇటు ఒకరు, అటు ఒకరు మాట్లాడతారు. అవతలివాళ్ళ మాట నచ్చి మనసు మారితే నడిచి అటు వెళ్ళొచ్చు, కానీ వెళ్ళేముందు ‘ఐ యూజ్డ్ టు థింక్’ చెప్పాలి.

ఒకసారి వాదన ఇలా సాగింది. "స్లేట్ ఈజ్ గుడ్, నో పేపర్ వేస్ట్." "బట్ స్లేట్ బ్రేక్స్." "బుక్ ఆల్సో టేర్స్." "ఇన్ బుక్, మదర్ కెన్ సీ మై వర్క్. ఇన్ స్లేట్, ఆల్ గాన్." అంతా నోటుబుక్కు వైపు జరుగుతుంటే ఒకమ్మాయి మెల్లగా, "ఇన్ స్లేట్, మై మిస్టేక్ ఆల్సో గాన్" అంది. ముగ్గురు వెనక్కి నడిచారు. అప్పుడు మధ్యలో నిలబడ్డవాడు అడిగాడు: "సార్, గుడ్ ఫర్ హూమ్? ఫర్ చైల్డ్ ఆర్ ఫర్ మదర్?" ఆ ప్రశ్న వచ్చాక నేను గడియారం చూడడం మానేశాను.

మిగిలిన పది పదిహేను నిమిషాలు తప్పులకు, డైరీలో రెండు వాక్యాలకు.

తప్పులు ఎప్పుడు దిద్దాలి

మాట్లాడుతుండగా మాత్రం కాదు. చేతిలో చీటీ పెట్టుకుని విన్న తప్పులు రాసుకోండి. చివర్లో మూడే మూడు బోర్డు మీద పెట్టండి, పేర్లు లేకుండా. ‘ఐ డిడ్ నాట్ వెంట్’, ‘డిస్కస్ అబౌట్’, ‘సిన్స్ టెన్ ఇయర్స్’ లాంటివి ఏ క్లాసులోనైనా దొరుకుతాయి. దిద్దేది కూడా వాళ్ళే. అర్థం తలకిందులయ్యే తప్పయితే మాత్రం అక్కడే ఆపి, ‘డు యూ మీన్...?’ అని అడగండి. యాస జోలికి పోకండి.

నీళ్ళ సంగతి, అంటే బడి బయటి పని

ప్రకాశం జిల్లాలో కనిగిరి వైపు పనిచేసినప్పుడు చేయించిన పని ఇది. ఆ ప్రాంతంలో ఫ్లోరైడ్ సమస్య పిల్లలకు చెప్పక్కర్లేదు, తాతల మోకాళ్ళు, తమ పళ్ళ మీది మచ్చలు చూస్తూనే ఉంటారు. ఇంట్లో తాగే నీళ్ళ గురించి అమ్మనో నాయనమ్మనో తెలుగులో మూడు ప్రశ్నలు అడిగి, జవాబులను మర్నాడు ఇంగ్లిష్‌లో చెప్పమన్నాను. ఎక్కడివి? మంచివని ఎలా అనుకుంటున్నారు? ఎవరు చెప్పారు?

దాదాపు అందరూ ఒకే మాట తెచ్చారు: ‘అవర్ వాటర్ ఈజ్ గుడ్ బికాజ్ ఇట్ ఈజ్ స్వీట్.’ ఇక్కడే పట్టుకోవాలి. ఉప్పును నాలుక పట్టేస్తుంది, ఫ్లోరైడ్‌ను పట్టలేదు. దానికి రంగు, వాసన ఉండవు, మన నీళ్ళల్లో ఉండే మోతాదులో రుచీ తెలియదు. ‘హౌ డు యూ నో?’ అంటే తియ్యదనం జవాబు కాదు. మరేది జవాబు? ఒక పిల్లాడు, కాస్తే పోతుందన్నాడు. కాస్తే సూక్ష్మజీవులు చస్తాయి కానీ ఫ్లోరైడ్ పోదు, నీళ్ళు ఆవిరైన కొద్దీ మిగిలినవాటిలో దాని పాలు పెరుగుతుంది. సైన్స్ మేడమ్ క్లాసుకు వచ్చి, తాగునీటి భారతీయ ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు మంచిదని, వేరే నీరు దొరకనప్పుడు 1.5 దాకా అనుమతి ఉందని చెప్పారు. అంటే పరీక్ష కాగితం చూస్తేనే తెలుస్తుంది. మర్నాడు నలుగురు పిల్లలు వాటర్ ప్లాంటుకు వెళ్ళి ఆ కాగితం అడిగారు. ప్లాంటతను మొదట కసిరాడు, తర్వాత వెతుకుతానన్నాడు. ఆ కథంతా వాళ్ళు క్లాసులో ఇంగ్లిష్‌లో చెప్పారు, ‘ఐ సా’ ఏదో, ‘ఐ హర్డ్’ ఏదో విడదీసి మరీ.

గోల, మార్కులు, టెన్త్

ఈ క్లాసులో గోల తప్పదు. ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి గుమ్మంలోంచే చూసి ‘క్లాస్ కంట్రోల్ లేదు’ అని రాసి వెళ్ళారు, ఏం మాట్లాడుకుంటున్నారో వినకుండానే. అందుకే హెచ్ఎంకు ముందే చెప్పి, వీలైతే చెట్టు కిందికి తీసుకెళ్ళండి. పక్క క్లాసు వాళ్ళతో తగాదా ఉండదు.

మాటకారులు ఇద్దరు ముగ్గురు పీరియడ్ అంతా మింగేస్తారు. అందరికీ మూడేసి చింతగింజలు ఇవ్వండి. మాట్లాడినప్పుడల్లా ఒకటి బల్ల మీద పెట్టాలి, అయిపోతే ఇక వినడమే. అసలు నోరు తెరవని పిల్లకు మొదటి నెల ప్రశ్న అడిగే పని ఒక్కటే ఇవ్వండి: ‘హౌ డు యూ నో?’ నాలుగు మాటలే కాబట్టి ధైర్యం చేస్తుంది.

మార్కులకు నేను చూసేవి మూడు: కారణం చెప్పాడా, ఎలా తెలుసో చెప్పాడా, ముందు మాట్లాడినవాడి మాటకు బదులిచ్చాడా. రోజుకు ఐదుగురిని మాత్రమే గమనిస్తే నలభై మంది ఎనిమిది పీరియడ్లలో పూర్తవుతారు.

టెన్త్‌లో సంక్రాంతి దాటాక ఎవరూ వినే స్థితిలో ఉండరు. అక్కడ వారానికి పది నిమిషాలు చాలు, పాఠంలోంచే: ఈ కథలో ఎవరి మాట మనకు వినపడలేదు? ఆమె మాట్లాడితే ఏమంటుంది? పబ్లిక్ పరీక్షలో డైలాగు రాయమన్నప్పుడు కూడా అది పనికొస్తుంది, కాబట్టి తల్లిదండ్రులూ అడ్డుచెప్పరు.

జూన్‌లో ఒక ప్రశ్న వేసి ఫోన్లో ప్రతివాడి గొంతూ ఒక నిమిషం రికార్డు చేసిపెట్టుకోండి. ఫిబ్రవరిలో అదే ప్రశ్న వేసి మళ్ళీ రికార్డు చేసి, రెండూ పక్కపక్కన వాడికొక్కడికే వినిపించండి. విన్నాక వాడి ముందే రెండూ డిలీట్ చేసేయండి.